ఎర్రనీళ్ళు పోయేదాకా

మా బావని ఊరంతా ‘నిదానం’ అనే పిలుస్తుంది. వెనకాల కాదు, ముఖం మీదే. ఆయన కూడా కోపం తెచ్చుకోకుండా పలుకుతాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం ఆయనది. వీధి మధ్యలో ఇనప మూత ఎత్తి, ఛాతీ దాకా వచ్చే పొడవాటి ఇనప తాళాన్ని గుంటలోకి దించి, పైన అడ్డంగా ఉన్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని తిప్పే మనిషిని మీరూ ఎప్పుడో చూసే ఉంటారు. చప్పున తిప్పేసి పోకుండా ఇంతసేపు ఏం చేస్తున్నాడని విసుక్కునే ఉంటారు. మా వీధివాళ్ళు రోజూ విసుక్కునేవాళ్ళు. బకెట్లు పట్టుకుని నిలబడి, ఆయనకి వినపడేలాగే అనేవాళ్ళు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఒక చుట్టు తిప్పి ఆగేవాడు. తాళానికి చెవి ఆనించి కింద గొట్టంలో ఏం జరుగుతోందో వినేవాడు. గాలి బయటికి పోయే చప్పుడు సన్నగిల్లాక ఇంకో చుట్టు తిప్పేవాడు.

ఈ నిదానం పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరమ్మతు కోసం ఆపిన పెద్ద లైనుని ఆయన మేస్త్రి ఒక సాయంత్రం ఒక్కసారిగా తెరిచాడట. పై ఆఫీసరు నెత్తిన కూర్చుని త్వరగా కానివ్వమన్నాడు మరి. ఖాళీ గొట్టంలోకి నీళ్ళు ఒక్క ఉరుకున వచ్చిపడి, లోపల ఇరుక్కున్న గాలిని తోసుకుపోయి, మలుపు దగ్గర గొట్టం పగిలింది. పక్కనున్న గోడ కూలి మేస్త్రి మీద పడింది. బతికాడు కానీ మళ్ళీ నడవలేదు. ఆ మేస్త్రి పోయేదాకా మా బావ సెలవు రోజుల్లో వెళ్ళి ఆయనకి గడ్డం గీసి వచ్చేవాడు. నీళ్ళు ఆగినంతసేపూ గొట్టానికి ఏమీ కాదు, అయ్యేదంతా నీళ్ళు తిరిగొచ్చేటప్పుడే అవుతుంది అన్న సంగతి మా బావకి అలా నరనరానా పట్టేసింది.

ఇంకో అలవాటు కూడా ఉంది. లైను ఆపి తెరిచిన ప్రతిసారీ మొదటి నీళ్ళు ఎర్రగా వస్తాయి. ఖాళీ గొట్టంలో గాలి తగిలి పట్టిన తుప్పు, కొత్త నీళ్ళ తాకిడికి ఊడి కిందికి కొట్టుకొస్తుంది. వీధి చివర మురుక్కాలవలోకి తెరుచుకునే వాల్వు ఒకటి ఉంటుంది. మా బావ ముందు దాన్ని తిప్పి ఆ నీళ్ళన్నీ వదిలేసేవాడు. ఆయన సంచిలో ఒక గాజుగ్లాసు ఉండేది. నీళ్ళు పట్టి, వెలుగుకి ఎత్తి చూసి, పారబోసి, మళ్ళీ పట్టేవాడు. తేటగా కనపడితే తప్ప ఇళ్ళకి వదిలేవాడు కాదు. “ఎర్రనీళ్ళు పోనివ్వండి” అనేవాడు, ఎవరెంత అరిచినా అదే జవాబు. ఒక్కోసారి ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించేది నాకు.

అలాంటి మనిషికి మా అక్కని కట్టబెట్టినవాళ్ళని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. మా అక్క బస్‌స్టాండులో మైకు దగ్గర పనిచేసేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడో, అంతా ఆవిడ గొంతులోంచే ఊరికి తెలిసేది. దారిలో వచ్చే ఊళ్ళ పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చదివేది. ఇంటికొచ్చాక కూడా ఆ మైకు ఆగేది కాదు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే కాబట్టి తిట్లలో పెద్ద వాటా నాది, మిగతాది బావది. వాళ్ళకి పిల్లల్లేరు. మీ ఇద్దరితోనే వేగలేకపోతున్నాను, ఇంకా పిల్లలు కూడానా అనేది.

తిట్టడం కూడా అందరికీ చేతకాదు. మా అక్క మొదలుపెడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించేవాళ్ళు. మాట మీద మాట పడుతూ, ఎప్పటెప్పటివో లెక్కలన్నీ బయటికొస్తూ, మంచి ఊపు మీద ఉండగా ఆవిడకే నవ్వొచ్చి ఆగిపోయేది. బావ ఎదురుగా కూర్చుని తీరిగ్గా వినేవాడు. ఒకసారి జలుబు చేసి ఆవిడ గొంతు పూర్తిగా పట్టేసింది. ఇల్లు బోసిపోయిందిరా, కుళాయిలో నీళ్ళు రానట్టుంది అని నాతో అన్నాడు. పెళ్ళాం చేత తిట్లు తినకపోతే అన్నం అరగని మనిషిని నిన్నే చూశాను అని నేను వెక్కిరించాను.

వంటింట్లో వాళ్ళిద్దరికీ రోజూ ఒక యుద్ధం. అక్క కుళాయి తిప్పితే చివరిదాకా తిప్పేది. నీళ్ళు సింకులో పడి ఎగిరి ఆవిడ బట్టలన్నీ తడిసేవి. బావ వెనకాలే వెళ్ళి ఆ ధారని దారమంత సన్నగా చేసేవాడు. ఆవిడ మళ్ళీ తిప్పేది, ఈయన మళ్ళీ తగ్గించేవాడు. వాళ్ళ కాపురమంతా ఇంతే. ఇంతకన్నా మంచి కాపురం నేను చూడలేదు.

ఆ రోజు పొద్దున నేను సరుకు కోసం పక్క నగరానికి బయల్దేరాను. నాది మందుల షాపు. నన్ను బస్సెక్కించింది కూడా మా అక్క గొంతే. ఫలానా ప్లాట్‌ఫారం మీద ఫలానా బస్సు సిద్ధంగా ఉందని చెప్పి, చివర్లో, చిల్లర మర్చిపోయే ప్రయాణికులు జేబులు చూసుకోవాలి అని కలిపింది. అది నాకోసమే. ఆ మాటకి నేను జేబు తడుముకుని నవ్వుకున్నాను కూడా.

తరవాతి సంగతి బస్‌స్టాండు కంట్రోలరు చెప్పాడు. ఒక ప్రకటన మధ్యలో ఊరి పేరు ముద్దగా వచ్చిందట. మళ్ళీ అదే పేరు, ఇంకా ముద్దగా. ఆ తరవాత మైకులో ఊపిరి తప్ప ఏమీ వినపడలేదట. ఆవిడ హాస్యమాడుతోందనుకుని ప్లాట్‌ఫారాల మీద జనం నవ్వారట. కంట్రోలరు పరుగెత్తుకెళ్ళి చూస్తే నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది, కుడి చెయ్యి బల్ల మీద ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. కంట్రోలరు ఎక్కువ ఆలోచించే మనిషి కాదు, అదే మంచిదైంది. కదలబోతున్న బస్సులోంచి జనాన్ని దింపేసి, అందులోనే ఆవిడని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయాడు. అంటే మా అక్క వేళకే చేరింది. డాక్టర్లు కూడా అదే అన్నారు, అదృష్టం, వేళకి తెచ్చారు అని.

బావకి కబురందేసరికి ఏదో వీధిలో వాల్వు మీద ఉన్నాడు. నీళ్ళు తెరిచే పని సగంలో వదిలేసి రావడం ఆయన జీవితంలో అదే మొదలు. చేతిలో ఇనప తాళం అలాగే ఉంది. ఆసుపత్రి వరండాలో అందరూ తప్పుకుని దారి ఇచ్చారట, ఎవరినైనా కొట్టడానికి వచ్చాడేమోనని.

నరాల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదస్తురాలు. ఆయనకి తెర మీద బొమ్మ చూపించి చెప్పింది. మెదడు ఎడమ పక్కకి వెళ్ళే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది, అవతల భాగానికి రక్తం అందడం లేదు, తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి గడ్డని లాగేస్తాం, వెంటనే చెయ్యాలి, మాట్లాడే శక్తి ఉండేది ఆ పక్కనే. ఇంతవరకూ బావ తలూపాడు. ఆ తరవాత ఆవిడ చెప్పాల్సిన ధర్మం కాబట్టి ప్రమాదాల గురించి కూడా చెప్పింది. ఆగిన రక్తం తిరిగొచ్చినప్పుడు కొందరికి మెదడు వాస్తుంది, లోపల రక్తం కారొచ్చు, అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టండి అంది.

తిరిగొచ్చేటప్పుడే ప్రమాదం! ఈ లోకంలో మా బావకి తెలిసిన సత్యం ఏదైనా ఉంటే అది ఇదే. ఆయన కలం పక్కన పెట్టేశాడు.

“ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తెరవలేరా అమ్మా?” అని అడిగాడు.

“అలా కుదరదండీ. పైగా ఎంత ఆలస్యమైతే ఆ ప్రమాదం అంత పెరుగుతుంది,” అందావిడ.

రెండో మాట ఆయన చెవికెక్కలేదు. కుదరదు అన్నది మాత్రం ఎక్కింది. నిదానంగా తెరవడం చేతకాని వాళ్ళ చేతికి పెళ్ళాం తలని ఎలా అప్పగిస్తాడు? మా బామ్మర్దికి మందుల షాపు ఉంది, వాడికి ఇవన్నీ తెలుసు, వాడొచ్చాక సంతకం పెడతాను అన్నాడు.

నాకు ఏం తెలుసో చెప్తాను వినండి. దగ్గుమందు, తలనొప్పి బిళ్ళలు, పసిపిల్లల పాలపొడి అమ్ముతాను. డాక్టరు రాసింది చదివి ఇస్తాను, అదీ రాత బాగుంటే. మా బావ దృష్టిలో నేను సగం డాక్టర్ని. ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మేవాడు కాదు, నేను వినయం నటిస్తున్నాననుకునేవాడు.

బస్సులో ఉండగా బావ ఫోను చేసి సంగతంతా చెప్పాడు. “బావా, సంతకం పెట్టెయ్. నాకోసం ఆగకు,” అన్నాను.

“నువ్వు రారా. ఒక్కసారిగా తెరిస్తే పగిలిపోతుందంటున్నారు. తొందరపడకూడదు.”

“అది గొట్టం కాదు బావా!” అని అరిచాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. అప్పటికే లైను తెగిపోయింది, తిరిగి కలవలేదు. దిగి, ఎదురొచ్చిన లారీని ఆపి ఎక్కాను. ఆ లారీ డ్రైవరు మా బావకి అన్నలా ఉన్నాడు. ప్రతి మలుపులోనూ హారను కొట్టి, ఆగి, చూసుకుని మరీ కదిలేవాడు. నేను దేవుడికి దండాలు పెట్టానో తిట్టానో గుర్తులేదు.

నేను వెళ్ళేసరికి బావ వరండాలో బెంచీ మీద ఉన్నాడు, ఒళ్ళో ఇనప తాళం అడ్డంగా పెట్టుకుని. నర్సులు బతిమాలి విసిగిపోయారు. డాక్టరమ్మ ఇంకెవరో పెద్దాయన చేత కూడా చెప్పించిందట. నన్ను చూడగానే లేచి, ఎంతో భారం దిగినట్టు, ఏమంటావురా అని అడిగాడు. కలం ఆయన చేతిలో కుక్కాను. పెట్టాడు సంతకం. అదీ అక్షరం అక్షరం, ఎక్కడా గీత తప్పకుండా. ఆ కొద్దిసేపు ఆయన్ని చూస్తుంటే నా ఒళ్ళు మండిపోయింది.

గడ్డ వచ్చేసింది. రక్తం ఆడుతోందని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచింది. కుడి చేతి వేళ్ళు కొంచెం కదిలించింది. మంచం పక్కన గోడకి ఆనించిన ఇనప తాళం కనపడింది కాబోలు, మొహం చిట్లించి, ముద్దముద్దగానే అంది, “ఈ ఇనపముక్క ఇక్కడెందుకండీ?”

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. తిట్టగలిగిందంటే బతికినట్టే అనుకున్నాం. బావ ఆ తాళాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, వరండా మూల దాచి వచ్చాడు. అది మా అక్క మాట్లాడిన ఆఖరి మాట.

మర్నాడు మెదడు వాచింది. లోపల రక్తం కారింది. నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం, గాజు తలుపు అవతల మా అక్క. ఎన్నాళ్ళు అలా ఉందో నేను లెక్కపెట్టలేదు. బావ వరండాలోనే ఉన్నాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ మమ్మల్ని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. బావ ఉద్యోగం ఏమిటో ఆవిడకి తెలిసే ఉంటుంది, ఆ భాషలోనే చెప్పింది. రక్తం అందని కణాలు ఆకలితో నకనకలాడుతుంటాయి. ఎంతసేపు ఆకలితో ఉంటే అంత పాడవుతాయి. అప్పుడు రక్తం తిరిగొస్తే, దాంతో వచ్చే ప్రాణవాయువుని వాడుకోలేవు. ఆ వాయువే వాటిలో తుప్పు లాంటిది పుట్టిస్తుంది, అది గోడల్ని తినేస్తుంది. మనల్ని బతికించేదే ఆ కొద్దిసేపు విషమవుతుంది.

“ఎర్రనీళ్ళు,” అన్నాడు బావ. చాలా రోజుల తరవాత ఆయన గొంతు విన్నాను. “మరి ఆ మొదటి రక్తాన్ని బయటికి వదిలెయ్యలేకపోయారా అమ్మా?”

ఆవిడ నవ్వలేదు, అందుకు ఆవిడంటే నాకు గౌరవం. అది ఒంట్లో కుదరదని మెల్లగా చెప్పింది. అయితే ఆ తుప్పుని అడ్డుకునే మందు లేదా అని అడిగాడు బావ. యాంటీఆక్సిడెంట్లని ఉంటాయని, వాటి కోసం ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నారని, ల్యాబుల్లో ఎలకలకి ఇస్తే చాలా బాగా పనిచేసినవి కూడా మనుషుల దగ్గరికి వచ్చేసరికి నిలబడలేదని చెప్పింది. ఎలకకి రక్తం ఆపేదీ తెరిచేదీ మనమే కాబట్టి మందు సరిగ్గా ఆ వేళకి ఇవ్వగలం, మనిషి ఎప్పుడు పడిపోతాడో ఎవరికి తెలుసు అంది. ఇంకా వెతుకుతున్నారు, ఎప్పటికైనా దొరకొచ్చు, ఈ రోజుకి మాత్రం నా దగ్గర లేదు, వీలైనంత తొందరగా రక్తాన్ని తెరవడమే మా దగ్గరున్న మందు అని ముగించింది. మళ్ళీ అంతే. అంత పెద్ద మాటలోంచి బావ ఒక్క ముక్క పట్టుకుని లేచాడు. యాంటీఆక్సిడెంట్లు.

కొన్నాళ్ళకి గొట్టాలు తీశారు, అక్క ఇంటికొచ్చింది. కుడి కాలు ఈడుస్తూ నడుస్తుంది, కుడి చెయ్యి ఒళ్ళో ఉంటుంది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. అదే ఘోరం. లోపల మాటలన్నీ ఉన్నాయని ఆవిడ కళ్ళు చూస్తే తెలుస్తుంది, బయటికి మాత్రం ఒక్కటీ రాదు. మాటలు నేర్పే టీచరమ్మ వారం వారం వచ్చి, కప్పు బొమ్మ, కుర్చీ బొమ్మ చూపించి పలకమంటుంది. జిల్లాలో ఊళ్ళన్నీ గుక్క తిప్పుకోకుండా చదివిన మనిషి కుర్చీ బొమ్మ ముందు చెమటలు కక్కుతుంది.

బావ నా షాపుకి వచ్చాడు. అద్దాల బీరువాలో బంగారు అక్షరాల సీసాల ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఈ మాట నా సీసాల మీద చాలా చోట్ల ఉంటుంది. చర్మం మెరవడానికి, జుట్టు ఊడకుండా ఉండటానికి జనం కొంటారు, నేనూ అమ్ముతాను, అందులో నాకేం సిగ్గు లేదు. ఈయన మాత్రం మెదడులో తుప్పు వదిలించడానికి కొంటానంటాడు. అది వేరు, ఇది వేరు బావా అన్నాను. పేరు ఒకటే కదరా అన్నాడు. నేను డాక్టరమ్మకి ఫోను చేశాను. పళ్ళు తింటే మంచిదే కానీ ఆ సీసాల్లో ఉన్నంత మోతాదులో ఇ-విటమిన్ వద్దు, గడ్డ కట్టకుండా ఇచ్చిన మందుతో కలిసి మళ్ళీ రక్తం కారే భయం ఉంది అంది. అదే మాట బావకి చెప్పి, సీసా ఇవ్వనని తెగేసి చెప్పాను. వట్టి చేతులతో వెళ్ళిపోయాడు.

నల్లద్రాక్ష, దానిమ్మ, నేరేడు, రంగున్న పండు ఏది కనపడినా ఇంటికి చేరేది. తెల్లారి లేచి రసం తీసి, వడకట్టి, సంచిలో ఉండే గాజుగ్లాసులో పోసి, వెలుగుకి ఎత్తి చూసి మరీ తాగించేవాడు. అక్క తాగేది. ఇది వరకైతే ఆ గ్లాసు ఆయన నెత్తిన గుమ్మరించి ఉండేది. ఆవిడ అలా బుద్ధిగా తాగుతుంటే చూడలేక నేను వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఒకరోజు వెళ్ళేసరికి అక్క మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చలున్నాయి. ఎక్కడా పడలేదట. నాకు అనుమానం వచ్చి వంటింట్లో వెతికాను. పంచదార డబ్బా వెనకాల సీసా దొరికింది, సగం ఖాళీ అయింది. వేరే వీధిలో, వేరే షాపులో కొన్నాడు. సీసాని సింకులో బోర్లించి, కుళాయి చివరిదాకా తిప్పేశాను. బావ అలవాటుగా కుళాయి తగ్గించబోయాడు. ఆ చెయ్యి చూడగానే ఇన్నాళ్ళు బిగబట్టుకున్నది తెగిపోయింది.

“నీ నిదానమే అక్కని ఇలా చేసింది,” అన్నాను. “బస్సు ఆపి మరీ పట్టుకొచ్చాడు కంట్రోలరు. నువ్వు కలం పక్కన పెట్టి కూర్చున్నావు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది అని నాకెవరూ చెప్పొద్దు. మా అక్కది ఆగిపోయింది కాబట్టి ఆ ఇంట్లో ఇక నోరున్నది నాకే. బావ మాత్రం కుళాయి మీద నుంచి చెయ్యి తీసేశాడు. నీళ్ళు ఎగిరి ఆయన చొక్కా అంతా తడిసింది. కదల్లేదు.

మళ్ళీ ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, అక్కని నర్సు రక్తం తీయడానికి పక్కగదిలోకి తీసుకెళ్ళింది. బావ డాక్టరమ్మని అడిగాడు. మధ్యలో నా మొహం కూడా చూడలేదు.

“అడగ్గానే సంతకం పెట్టి ఉంటే ఆవిడకి మాట ఉండేదా అమ్మా?”

డాక్టరమ్మ కాసేపు బల్ల మీద కాగితాలు సర్దింది. “కచ్చితంగా ఉండేదని ఎవరూ చెప్పలేరండీ. ఉండే అవకాశం మాత్రం చాలా ఎక్కువ.”

“ఆగితే ఏమీ కాదనుకున్నాను. మా లైన్లలో ఆగినప్పుడు ఏమీ కాదు.”

“నీళ్ళు లేకపోయినా గొట్టం గొట్టంగానే ఉంటుంది కదండీ. మెదడు అలా ఉండలేదు,” అందావిడ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. బావ చేతులు జోడించి లేచాడు.

ఇంటికి రావాలంటే బస్‌స్టాండు మీదుగానే రావాలి. మైకు దగ్గర ఇప్పుడెవరో కొత్తమ్మాయి ఉంది. కానీ గంటగంటకీ వేసే, అక్క గొంతుతో ఉన్న రికార్డు మాత్రం ఇంకా మార్చలేదు. మేము ప్లాట్‌ఫారాలు దాటుతుండగా వచ్చింది, మీ సామాను మీరే జాగ్రత్తగా చూసుకోండి, బస్సు ఆగాకే దిగండి, తోసుకోకండి. మా అక్క తలెత్తి స్తంభం మీది మైకు డబ్బా వైపు చూసింది, ఎవరిదో గొంతు విన్నట్టు. పెదవులు దాంతోపాటు కదిలాయి, చప్పుడు లేకుండా. బావ ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆయన నడకలో నిదానం కూడా పోయింది, ఒట్టి బరువు మిగిలింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉన్నాను. అక్క కిటికీ పక్క కుర్చీలో, బావ ఎదురుగా ముక్కాలిపీట మీద. గ్లాసులో ద్రాక్షరసం తెచ్చాడు కానీ ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళబోతే, ఉండరా, నువ్వూ విను అన్నాడు.

చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. వేళకే తెచ్చారని, డాక్టరమ్మ వెంటనే చెయ్యాలందని, తనకి మేస్త్రి గోడ గుర్తొచ్చిందని, తెరిస్తే పగులుతుందేమోనని భయపడి కలం పక్కన పెట్టానని, వీడు ఫోనులో చెప్పినా వినలేదని. ఆ ఆలస్యమే నీ మాట తినేసిందని డాక్టరమ్మ దాదాపు చెప్పేసిందని. ఎర్రనీళ్ళు పోయేదాకా ఆగే మనిషిని కదా, అన్నీ అలాగే ఉంటాయనుకున్నాను అన్నాడు. అంత పొడుగ్గా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ ఇంట్లో అంత సేపు మాట్లాడేది అక్క ఒక్కతే.

అక్క వింది. ముందు మొహంలో ఏమీ లేదు. తరవాత మెల్లగా ఎర్రబడింది. అది నాకు బాగా తెలిసిన ఎరుపు. చిన్నప్పుడు నేను స్కూలు ఎగ్గొట్టి దొరికిపోయిన రోజున, బావ వానలో తడిసి జ్వరం తెచ్చుకున్న రోజున చూశాను. ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకి వంగింది. ఆ చేతినే తీసి వేలెత్తి బావ వైపు చూపించింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

“తిట్టు,” అన్నాడు బావ. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. “నన్ను తిట్టవే. నీకేం తిట్టాలనిపిస్తే అది తిట్టు.”

నోరు తెరిచింది. మెడనరాలు ఉబ్బాయి. పెదవులు ఒక మాట కోసం ఇటూ అటూ వెతికాయి, దొరకలేదు, మళ్ళీ మొదటికొచ్చాయి. గొంతులోంచి గాలి మాత్రం వస్తోంది. గొట్టంలో నీళ్ళకి ముందు వచ్చే గాలి. బావ అలవాటు చొప్పున తల కొంచెం వంచి, చెవి ఆవిడ వైపు పెట్టాడు.

“తొందరేం లేదు,” అన్నాడు. “నిదానంగా చెప్పు.”

అన్నాక ఆ మాట ఆయనకే వినపడింది. చేతిలో గ్లాసు ఒరిగి రసం వేళ్ళ మీదుగా కారింది. మా అక్క నోరు ఇంకా కదులుతూనే ఉంది.